బావగారి స్ప్రెడ్‌షీట్‌లో సరి, నా కాగితం మీద బేసి

పేరు రాయని ఒక పాఠకుడి పెద్ద ఉత్తరం సారాంశం ఇది. ఆయన మేనకోడలు పదో తరగతి. ఒక పెద్ద సంఖ్యను ఎంచుకుని దాని లక్షణాలు, అది ఏయే రకాల్లోకి వస్తుందో రాసుకురమ్మని బడిలో ప్రాజెక్టు ఇచ్చారు. మేనమామ 12345678987654321 బాగుంటుందని చెప్పి నాలుగు పేజీలు రాసిచ్చారు. అది 111111111కి వర్గమనీ, ఎటునుంచి చదివినా ఒకటేననీ, దానికి 144 కారణాంకాలు ఉన్నాయనీ, అన్ని ఉన్నాయి కాబట్టి అది అధిక సంఖ్య (తనను మినహాయించి మిగతా కారణాంకాల మొత్తం తనకంటే ఎక్కువైనది) అనీ రాశారు. కారణాంకాల్లో ఒకటైన 333667 ప్రధాన సంఖ్య అని కూడా రాశారు. ఆ మాట ఒక ఆప్ చెప్పిందట. ఈ సంఖ్య ఏయే రకాల్లోకి వస్తుందో ఆ ఆప్ ఇచ్చిన పేర్ల జాబితా కూడా చేర్చారు.

పిల్ల తండ్రి, అంటే ఈయన బావగారు, ఉద్యోగరీత్యా రోజంతా స్ప్రెడ్‌షీట్లతో గడిపే మనిషి. ఆయన ఈ సంఖ్యను సెల్‌లో కొడితే 12345678987654300 అని వచ్చింది. "ఇది వందతో పోతుంది కదయ్యా, ఇక బేసి ఎలా అవుతుంది?" అన్నారు. నమ్మకం కుదరక జావాస్క్రిప్ట్‌లో రెండు లైన్లు రాసి రెండుతో భాగిస్తే అక్కడా శేషం సున్నాయే. "పోనీ, 333667 ప్రధానమని ఎవరు చూశారు?" అని కూడా అడిగారు. పిల్ల ఎదుటే మాటామాటా పెరిగింది. "నీకు తెలియని దాంట్లో వేలు పెట్టకు" అనేదాకా వెళ్లింది. అక్కేమో వేరే సంఖ్య చూసుకోండి, ఈ రభస వద్దు అంటోంది. మేనకోడలు కాగితాలు పక్కన పడేసింది. ఇవ్వడానికి ఇంకో వారమే ఉంది. ఎవరిది ఒప్పు, సంఖ్య మార్చేయాలా, పెద్దాయన్ను చిన్నబుచ్చకుండా ఎలా చెప్పాలి అన్నవి ఆయన ప్రశ్నలు. చివర్లో ఇంకొకటి: పది ఒకట్ల వర్గం 12345678910987654321 అని పిల్ల సొంతంగా రాసింది, అదైనా సరేనా అని.

సమాధానం:

ముందు తీర్పు చెప్పేస్తాను, మిగతాది తాపీగా మాట్లాడుకుందాం. మీ సంఖ్య బేసే, అక్కడ మీరే ఒప్పు. 144 కారణాంకాలన్నది తప్పు, దాన్ని పట్టుకుని రాసిన "అధిక సంఖ్య" అంతకంటే పెద్ద తప్పు. 333667 గురించి బావగారు అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు మీ నాలుగు పేజీల్లో జవాబు లేదు.

బావగారు అబద్ధం చెప్పలేదు, ఆయనకు యంత్రం అలాగే చూపించింది. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా మొదటి 15 అంకెలే ఉంచుకుంటుంది, ఆ తర్వాతివాటిని సున్నాలు చేస్తుంది. మీ సంఖ్యకు 17 అంకెలు. చివరి 21 పోయి 00 వచ్చింది, అంతే. జావాస్క్రిప్ట్‌ది వేరే సంగతి. అక్కడ మామూలు సంఖ్యలన్నీ 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో (భిన్నాలకూ పనికొచ్చేలా సంఖ్యను నిర్ణీత బిట్లలో దాచే పద్ధతి) ఉంటాయి. 1985లో ఐఈఈఈ 754 పేరుతో ప్రమాణమైన పద్ధతి అది. అందులో అంకెల కచ్చితత్వానికి దక్కేది 53 బిట్లు. కాబట్టి రెండు ఘాతం 53, అంటే 9007199254740992 దాకా ప్రతి పూర్ణాంకమూ ఉన్నదున్నట్టు నిలుస్తుంది. అది దాటాక, దానికి రెట్టింపు వచ్చేదాకా, సరి సంఖ్యలకే చోటుంటుంది. రెండేసి సెంటీమీటర్లకు ఒక గీత ఉన్న స్కేలుతో ఏడు సెంటీమీటర్లు కొలవబోతే ఆరో ఎనిమిదో చెప్పాల్సిందే కదా, ఇదీ అలాంటిదే. మీ సంఖ్య ఆ హద్దు దాటింది కాబట్టి లోపలికి వెళ్లేటప్పుడే 12345678987654320 అయిపోయింది. ఇక దాన్ని రెండుతో భాగిస్తే శేషం సున్నా కాక ఏమవుతుంది? ప్రోగ్రాం సరిగ్గానే లెక్క కట్టింది, కాకపోతే అది మీ సంఖ్య లెక్క కాదు.

బావగారికి ఇది వాదించి చెప్పకండి, ఆయన స్ప్రెడ్‌షీట్‌లోనే చూపించవచ్చు. ఒక సెల్‌లో 111111111 కొట్టి, పక్క సెల్‌లో దాన్ని దానితోనే గుణించమనండి. ఆ సెల్‌ను నంబర్ ఫార్మాట్‌లో పెడితే 12345678987654300 కనిపిస్తుంది. ఒకటితో ముగిసే సంఖ్యను ఒకటితో ముగిసే సంఖ్యతో గుణిస్తే చివర సున్నా ఎలా వస్తుందని అడగక్కర్లేదు, ఆయనే అడుగుతారు. తమాషా ఏమిటంటే ఆ తప్పు సంఖ్యకు వర్గమూలం తీసినా సెల్‌లో 111111111 అనే కనిపిస్తుంది. అసలు విలువ దానికంటే కోటిలో ఒక వంతు కూడా తగ్గదు, ఆ తేడా 15 అంకెల్లో కనబడదు. వర్గమూలం సరిగ్గా వచ్చింది కదా అని సంఖ్య కూడా సరిగ్గా ఉందనుకోవడం ఇలాంటి లెక్కల్లో తరచుగా జరిగే పొరపాటు.

యంత్రంతోనే చేయాలనుకుంటే పూర్ణాంకాలను పూర్ణాంకాలుగానే ఉంచే సాధనం కావాలి. పైథాన్‌లో పూర్ణాంకానికి అంకెల హద్దు లేదు. కానీ అక్కడ కూడా ఒక గీత (/) భాగహారం వాడితే జవాబు మళ్లీ ఫ్లోటింగ్ పాయింట్ రూపంలోకి జారిపోతుంది. భాగఫలానికి రెండు గీతలు (//), శేషానికి % వాడాలి. జావాస్క్రిప్టే కావాలంటే బిగ్‌ఇంట్ రకం ఉంది. సీ, జావా లాంటి భాషల్లో 64 బిట్ల పూర్ణాంకం 9223372036854775807 దాకా పట్టుకుంటుంది కాబట్టి మీ పనికి సరిపోతుంది. 32 బిట్లది తీసుకుంటే మాత్రం 2147483647 దగ్గరే పొంగిపోయి ఏదో చెత్త సంఖ్య ఇస్తుంది. స్ప్రెడ్‌షీట్ సెల్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి కొడితే అంకెలన్నీ నిలుస్తాయి, కానీ దానితో లెక్క చేయబోతే మళ్లీ పాత కథే.

అసలు ఈ సంఖ్యకు యంత్రమే అక్కర్లేదు. మీరు ఎంచుకున్నది అంత మంచి సంఖ్య. ఎనిమిదో అంకె దగ్గర రెండు ముక్కలు చేయండి: 12345678, 987654321. రెండూ కూడండి. 999999999 వస్తుంది. పది ఘాతం తొమ్మిదిని 999999999తో భాగిస్తే శేషం 1, కాబట్టి తొమ్మిదేసి అంకెల ముక్కల మొత్తం దానితో పోతే మొత్తం సంఖ్యా పోతుంది. అంటే మీ సంఖ్య 999999999 × 12345679. నమ్మకం లేకపోతే 12345679000000000 లోంచి 12345679 తీసేసి చూడమనండి మేనకోడల్ని, ఒక్క తీసివేతతో తేలిపోతుంది. ఇక 999999999 అంటే 9 × 111111111, 111111111 అంటే 9 × 12345679. కాబట్టి సంఖ్య 81 × 12345679 × 12345679. ఇంకో అడుగు: 12345679 = 37 × 333667. దీన్ని చేత్తో గుణించి చూడండి. 333667ను 30తో గుణిస్తే 10010010, ఏడుతో 2335669, రెండూ కలిపితే సరిగ్గా వస్తుంది. చివరికి మిగిలేది 3 ఘాతం 4, 37 ఘాతం 2, 333667 ఘాతం 2.

మీ పేజీల్లో ఈ ముక్కలు చేయడం లేదు, ఆప్ ఇచ్చిన జవాబు మాత్రమే ఉంది. బావగారికి అనుమానం వచ్చిందంటే అందుకే.

ఇప్పుడు ఆయన ప్రశ్న. 333667 ప్రధానమని ఎవరు చూశారు? చూడటానికి రెండు దారులున్నాయి. మొదటిది బడిలో నేర్పేది: వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడటం. 578 వర్గం 334084, 577 వర్గం 332929. కాబట్టి 577 దాకా చాలు. 2 నుంచి 577 దాకా ప్రధాన సంఖ్యలు 106. పదో తరగతి పిల్లకు ఇది ఒక సాయంత్రం పని, విసుగు పుట్టడం ఖాయం, కానీ ఎవరూ వేలెత్తి చూపలేరు.

రెండో దారిలో 106 కాస్తా 16 అవుతుంది. 333667 దేనితో పోయినా ఆ ప్రధాన సంఖ్యను ప అనుకుందాం. 333667 ఎటూ 999999999లో కారణాంకమే కాబట్టి 10 ఘాతం 9ని పతో భాగిస్తే శేషం 1. పది ఘాతాల్లో మొదటిసారి శేషం 1 వచ్చే ఘాతాంకం ఏదైతే ఉందో అది 9ని భాగించాలి, అంటే 1, 3, 9 లలో ఒకటి. ఘాతాంకం 1 అయితే ప అన్నది 9ని భాగించాలి, అది 3. ఘాతాంకం 3 అయితే 999ని భాగించాలి, అది 3 లేదా 37. ఈ రెండూ కావు: 333667 అంకెల మొత్తం 28, మూడుతో పోదు. 37 × 9018 = 333666, ఒకటి మిగిలింది. కాబట్టి ఘాతాంకం 9. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 10 ఘాతం (ప − 1)ని పతో భాగించినా శేషం 1 వస్తుంది, కాబట్టి ఆ ఘాతాంకం ప − 1ని కూడా భాగించాలి. ప బేసి కాబట్టి ప − 1 అన్నది 18తో పోవాలి. 577 దాకా 18తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు, 37 తీసేస్తే, ఇవే: 19, 73, 109, 127, 163, 181, 199, 271, 307, 379, 397, 433, 487, 523, 541, 577. వీటితో 333667ను భాగిస్తే వచ్చే శేషాలు వరసగా 8, 57, 18, 38, 6, 84, 143, 66, 265, 147, 187, 257, 72, 516, 411, 161. సున్నా ఒక్కచోటా లేదు. ప్రధానమే.

ఈ తర్కం పదో తరగతికి కాస్త పైస్థాయిది. పిల్లకు అర్థం కాకుండా కాగితం మీద పెట్టొద్దు. టీచరు ఒక్క ప్రశ్న వేస్తే చేతులెత్తేస్తుంది, మళ్లీ ఆప్ మాట నమ్మి రాసినట్టే అవుతుంది. ఆ 16 భాగహారాలు ఆమె స్వయంగా చేసి, ఎందుకు 16 చాలో తన మాటల్లో చెప్పగలిగితేనే రాయనివ్వండి. లేదంటే 106 దారే మేలు.

144 సంగతికి వస్తే, మీరు ఎక్కడ జారారో ఉత్తరంలోనే కనిపిస్తోంది. 111111111 = 3 × 3 × 37 × 333667. దానికి 3 × 2 × 2 = 12 కారణాంకాలు. సంఖ్య దాని వర్గం కాబట్టి 12ను కూడా వర్గం చేశారు. అలా చేస్తే ఒకే కారణాంకాన్ని చాలాసార్లు లెక్కపెడతారు: 9 అన్నది 1 × 9గా వస్తుంది, 3 × 3గా వస్తుంది, 9 × 1గా వస్తుంది. చిన్న సంఖ్యతో చూడండి, 6కు 4 కారణాంకాలు, 36కు 16 ఉండాలి మీ లెక్కన, కానీ ఉన్నవి 9. సరైన పద్ధతిలో ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి గుణించాలి. 5 × 3 × 3 = 45.

నలభై అయిదూ రాయించండి, కష్టమేమీ కాదు. 3, 37లతో మాత్రమే ఏర్పడేవి పదిహేను: 1, 3, 9, 27, 81, 37, 111, 333, 999, 2997, 1369, 4107, 12321, 36963, 110889. వీటిని 333667తో గుణిస్తే ఇంకో పదిహేను, దాని వర్గం 111333666889తో గుణిస్తే మిగతా పదిహేను. రెండో గుంపులో 3తో గుణించినప్పుడు 1001001, 9తో 3003003, 111తో 37037037, 333తో 111111111 వస్తాయి. పిల్ల ముఖం వెలిగేది ఇక్కడే. ఆరోహణ క్రమంలో రాస్తే సరిగ్గా మధ్యలో, 23వ స్థానంలో, 111111111 కూర్చుంటుంది. దానికి అటు ఇటు సమదూరంలో ఉన్న ఏ రెండింటిని గుణించినా అసలు సంఖ్యే. తప్పులు పట్టుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది: వర్గ సంఖ్యకు కారణాంకాల లెక్క ఎప్పుడూ బేసే ఉండాలి. 144 సరి సంఖ్య అని చూడగానే అనుమానం రావాల్సింది.

అధిక సంఖ్య అవునా కాదా అన్నది కారణాంకాల లెక్కను బట్టి తేలదు, వాటి మొత్తాన్ని బట్టి తేలుతుంది. తనను మినహాయించి మిగతా కారణాంకాల మొత్తం తనకంటే ఎక్కువైతే అధిక సంఖ్య, సమానమైతే పరిపూర్ణ సంఖ్య, తక్కువైతే న్యూన సంఖ్య. నికోమాకస్ కాలం నుంచి, అంటే సుమారు క్రీ.శ. 100 నుంచి, వస్తున్న విభజన ఇది. మీ సంఖ్యకు కారణాంకాల మొత్తం మూడు ముక్కల గుణకారం. 1 + 3 + 9 + 27 + 81 = 121. 1 + 37 + 1369 = 1407. 1 + 333667 + 111333666889 = 111334000557. మూడూ గుణిస్తే 18954279592827579. అందులోంచి సంఖ్యను తీసేస్తే 6608600605173258. సంఖ్యలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి న్యూన సంఖ్య.

ఈ గుణకారం కూడా 15 అంకెలు దాటుతుంది, బావగారి స్ప్రెడ్‌షీట్ మళ్లీ తప్పు చూపిస్తుంది, ముందే చెప్పి ఉంచండి. చేత్తో చేసినదాన్ని సరిచూడటానికి రెండు చిన్న పరీక్షలు: మొత్తం బేసి కావాలి (45 బేసి సంఖ్యలు కూడితే బేసే), 121 ఉంది కాబట్టి 11తో పోవాలి. అంకెల్ని ఒకటి విడిచి ఒకటి కూడి, తీసివేస్తే −11 వస్తుంది, పోయినట్టే.

అంత పెద్ద గుణకారం వద్దనుకుంటే అడ్డదారి ఉంది, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. కారణాంకాల మొత్తాన్ని సంఖ్యతో భాగిస్తే వచ్చేది, 3 వల్ల 3/2 మించదు, 37 వల్ల 37/36 మించదు, 333667 వల్ల ఒకటికి ఇసుమంత ఎక్కువ. మూడూ గుణిస్తే 1.55 కూడా రాదు. అధిక సంఖ్య కావాలంటే 2 దాటాలి. కాబట్టి ఈ మూడు ప్రధానాలతో ఎన్ని ఘాతాలు వేసి ఎంత పెద్ద సంఖ్య కట్టినా అది న్యూన సంఖ్యే అవుతుంది. బేసి సంఖ్యల్లో అధిక సంఖ్య కావాలంటే చిన్న ప్రధానాలు చాలా కలవాలి. అలాంటివాటిలో అన్నిటికంటే చిన్నది 945, అంటే 27 × 5 × 7. పరిపూర్ణ సంఖ్య కాదనడానికి అయితే లెక్కే అక్కర్లేదు: మొత్తం బేసి, సంఖ్యకు రెట్టింపు సరి, రెండూ సమానం ఎలా అవుతాయి?

ఆ ఆప్ ఇచ్చిన పేర్ల జాబితా మొత్తం కాగితం మీద దించేశారు మీరు. కత్తిరించండి. వాటిలో రెండు జాతులున్నాయి. వర్గ సంఖ్య, బేసి, సంయుక్త సంఖ్య, న్యూన సంఖ్య: ఇవి సంఖ్య గుణాలు, ఏ ఆధారంలో రాసినా మారవు. పాలిండ్రోమ్ (ఎటునుంచి చదివినా ఒకటే), హర్షద్ (తన అంకెల మొత్తంతో పోయేది), హ్యాపీ (అంకెల వర్గాల మొత్తం తీస్తూ పోతే 1కి చేరేది): ఇవి పదంకెల రాతలో పుట్టిన గుణాలు. వెయ్యి ఆధారంగా రాస్తే మీ సంఖ్య 12, 345, 678, 987, 654, 321 అనే ఆరు స్థానాలు. తిరగేసి చదివితే అది కాదు, పాలిండ్రోమ్ ఎగిరిపోయింది. రెండు జాతుల్నీ వేర్వేరు శీర్షికల కింద రాయిస్తే టీచరుకు పిల్ల ఆలోచించిందని తెలుస్తుంది. హర్షద్ (దీన్ని ప్రచారంలోకి తెచ్చింది కాప్రేకర్, 1905–1986) ఉంచవచ్చు, ఎందుకంటే అంకెల మొత్తం 81, సంఖ్య 81తో పోతుందని పైన చూశాం, భాగఫలం 152415789971041, అది కూడా వర్గమే. హ్యాపీ సంఖ్య కాదు: అంకెల వర్గాల మొత్తం 489, తర్వాత 161, 38, 73, 58, 89, అక్కడినుంచి తిరిగి తిరిగి మళ్లీ 89కే చేరుతుంది, 1కి రాదు. ఆప్ దీన్ని హ్యాపీ అందని మీరు రాశారు. ఎందుకలా అందో ఆప్‌నే అడగాలి.

జాబితాలో లేనిది ఒకటి చేర్చమంటాను. ఫెర్మా చెప్పగా 18వ శతాబ్దంలో ఆయిలర్ నిరూపించిన నియమం ఒకటుంది: 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధానాలన్నీ సరి ఘాతాల్లో ఉంటేనే సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలం. ఇక్కడ 3, 333667 అలాంటివి, వాటి ఘాతాలు 4, 2. మిగిలిన 37కు 12, 35 దొరుకుతాయి: 144 + 1225 = 1369. రెండింటినీ 3003003తో గుణిస్తే 36036036, 105105105. అంటే 36036036 వర్గం, 105105105 వర్గం కలిపితే మీ సంఖ్య. పైథాగరస్ త్రికోణం ఒకటి 111111111 కర్ణంతో నిలబడింది. సున్నాను పక్కన పెడితే ఇలా రాయడానికి ఇంకో జత లేదు.

ఇక ఏం చేయాలన్నది. మీ అక్క చెప్పినట్టు సంఖ్య మార్చేయవచ్చు. 1234567654321 తీసుకుంటే 13 అంకెలే, స్ప్రెడ్‌షీట్ తొణకదు, బావగారి పద్ధతీ మీ పద్ధతీ ఒకే జవాబిస్తాయి. ఏడు ఒకట్ల వర్గం అది. 1111111 = 239 × 4649, కాబట్టి కారణాంకాలు తొమ్మిదే. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, వారంలో పని అయిపోతుంది. నష్టం ఏమిటంటే రాయడానికి సరుకు తగ్గుతుంది, పైగా పిల్ల మనసులో "మామయ్య సంఖ్య తప్పు" అన్నది అలాగే ఉండిపోతుంది. అది నిజం కాదు కదా.

సంఖ్య అలాగే ఉంచి, ముక్కలు చేసే పద్ధతితో మళ్లీ రాయించడం రెండో దారి. పని ఎక్కువ. నాలుగు పేజీల్లో మీవి రెండు కొట్టేయాల్సి వస్తుంది. అంతా చేత్తో చేయగలిగినది కాబట్టి ఎవరి యంత్రమూ అడ్డు రాదు, పిల్ల ప్రతి అడుగూ చెప్పగలుగుతుంది.

మూడోది కొంచెం సాహసం: బావగారిని కూడా ప్రాజెక్టులోకి లాగడం. "ఒకే సంఖ్య, స్ప్రెడ్‌షీట్‌లో, జావాస్క్రిప్ట్‌లో, కాగితం మీద" అని ఒక పేజీ ఆయనతో రాయించండి. 15 అంకెల హద్దు, 53 బిట్ల హద్దు ఎందుకు వచ్చాయో మీకంటే ఆయనే బాగా వివరించగలరు. ఆయన అనుమానం ప్రాజెక్టులో ఒక భాగం అవుతుంది. ఇబ్బంది ఒకటే, ఆయన ఒప్పుకోకపోతే మీరు మళ్లీ మొదటికే వస్తారు, వారంలో అంత సమయం ఉండదు. అందుకని రెండో దారి పని మొదలుపెట్టి, ఇది అడిగి చూడండి.

ఏది ఎంచుకున్నా ముందుగా ఆయనకు ఫోను చేయండి, పిల్ల వినేచోట కాదు. "బావగారూ, 144 నేను తప్పు రాశాను, 45 అండీ. 333667 మీరు అడిగాక సరిచూశాను, పదహారు భాగహారాలతో తేలిపోయింది" అని మొదలుపెడితే, సెల్‌లో గుణకారం చేసి చూడమని ఆ తర్వాత అడగడం తేలికవుతుంది. "మీ ఎక్సెల్ తప్పండీ" అని మొదలుపెడితే మాత్రం మీరు ఎంత ఒప్పైనా ఆ సంభాషణ అక్కడితో సరి. ఫోన్లో మాట కుదరకపోతే మొండిగా పట్టుకోకండి, అక్క మాట విని మొదటి దారి పట్టండి. 13 అంకెల సంఖ్య మీద కూడా మంచి ప్రాజెక్టు రాయవచ్చు.

మేనకోడలి పది ఒకట్ల సంగతి. అది సరికాదు, కానీ ఎందుకు కాదో చూపిస్తే ఆమెకు బాగా నచ్చుతుంది. ముందు అంకెలు లెక్కపెట్టమనండి. 1111111111 రెండు వందల కోట్ల లోపే, కాబట్టి దాని వర్గానికి 19 అంకెలు మించవు. ఆమె రాసినదానికి 20 ఉన్నాయి. తర్వాత నిలువు గుణకారం వేయించండి: నిలువు వరసల్లో కుడినుంచి 1, 2, 3 అంటూ 9 దాకా, మధ్యలో 10, మళ్లీ 9 నుంచి 1 దాకా ఒకట్లు పడతాయి. పది ఉన్న వరసలో సున్నా వేసి ఒకటి ఎడమకు పంపాలి. అక్కడ ఉన్న 9 పది అయి మళ్లీ సున్నా, మళ్లీ ఒకటి ఎడమకు. అక్కడి 8 కాస్తా 9 అయి ఆగుతుంది. వచ్చేది 1234567900987654321. తొమ్మిది ఒకట్ల దాకా ఏ వరసా పదికి చేరదు కాబట్టే ఆ అందం అక్కడిదాకా నిలిచింది. ప్రాజెక్టులో ఆ వాక్యం కొట్టేసి, ఈ గుణకారాన్ని ఆమె చేతిరాతతోనే పెట్టమనండి.